ముల్లంగిని మింగిన చిన్నక్షరం

"హెడ్మాస్టరుకి సెప్పీసినాను," అంది ఇషినో అవ్వ, కింద వేడి పెట్టిన కొతత్సు బల్ల దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుంటూ. "వచ్చే శుక్రవారమే ఆఖరు. ఆ తరవాత కథల్నేవు, గిథల్నేవు."

వకాబా చేతిలోని పొగబెట్టి ఊరేసిన ముల్లంగి ముక్క నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఉత్తరాది మంచుకొండల్లోని కునెజావా ఊరి బడిలో ఇప్పుడు ఏడుగురు పిల్లలున్నారు. వకాబా చదివిన రోజుల్లో పదకొండుమంది ఉండేవారు. అప్పుడైనా ఇప్పుడైనా నెలకొక శుక్రవారం చివరి గంట ఇషినో అవ్వది. నీలం అట్ట పుస్తకం చంకన పెట్టుకుని, మంచు బూట్లు గుమ్మంలో విడిచి, స్టవ్ పక్కన చాప మీద కూర్చునేది. ఏ కథ చదవాలో పిల్లలు అక్కడికక్కడే చీటీ తీసేవారు. అవ్వ అద్దాలు తుడుచుకునే లోపల గదిలో దగ్గులన్నీ అయిపోయేవి.

ఆ నీలం అట్ట పుస్తకం ఊరి కథలది. ముప్పై ఏళ్ల కిందట ఊరి ఆడవాళ్లు ముసలివాళ్ల చుట్టూ తిరిగి, రాసుకుని, పట్నంలో అచ్చు వేయించారు. అందులో ఒక సొగసుంది. నిలువు వరసలో నిలబడ్డ పెద్దక్షరం మాటకు అర్థం చెబుతుంది. దాని కుడి భుజం మీద కూర్చున్న చిన్నక్షరం, ఆ మాటను కునెజావాలో ఎలా పలుకుతారో చెబుతుంది. చలికి నోరు పూర్తిగా తెరవడం కూడా దండగనుకునే ఊరది. 'రా' అన్నా 'కె'. 'తిను' అన్నా 'కె'. 'ఇవ్వు' అన్నా 'కె'. పెద్దక్షరం లేకపోతే ఏ 'కె' ఏమిటో తెలియదు. చిన్నక్షరం లేకపోతే అది కునెజావా కథే కాదు, టీవీ వార్తలు.

ఇప్పుడు అవ్వకు కుడికన్ను పోయింది, ఎడమకన్ను సగం. భూతద్దం పెడితే పెద్దక్షరాలు పొగలా కనిపిస్తాయి, చిన్నవి అసలే కనిపించవు. కంఠతా వచ్చు కదా అంటే ఒప్పుకోదు. "నోటికొచ్చింది సెప్తే అది నా కథ అవుద్ది. పుస్తకంలోది మా అమ్మలది," అంటుంది. పోయిన నెల హెడ్మాస్టరు ఒకుయామ పేజీలను పెద్దవి చేసి కాయితాల మీద తీయించి తెచ్చాడు. ఒక్కో కాయితం తలుపంత ఉంది. మూడోది తిప్పేసరికి స్టవ్ మీద వాలి అంచు మాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవ్వ మాత్రం ఆ రోజే మనసులో ఏదో నిశ్చయించుకుంది.

వకాబాకు పదహారేళ్లు. పట్నంలో హైస్కూలుకు బస్సులో వెళ్తుంది. బస్సులో ఎవరైనా పలకరిస్తే కిటికీలోకి చూస్తుంది. ఒక మాట చెప్పాలంటే దానికి ముందు మనసులో నాలుగుసార్లు చెప్పుకుంటుంది, అయిదోసారికి అవతలివాళ్లు వెళ్లిపోతారు. అవ్వ మాత్రం వెళ్లిపోదు. ఓపిగ్గా టీ పోస్తుంది. ఆ రోజు రెండు కప్పులయ్యాక వకాబా అంది:

"మా పిన్ని పాత ఈ-రీడరు నాకిచ్చింది అవ్వా. అందులో పుస్తకం పెడితే అక్షరాన్ని ఎంతైనా పెంచుకోవచ్చు."

"ఎంతైనా అంటే?"

"చిక్కుడుగింజంత."

అవ్వ ఆమె ముఖంలోకి సగం కంటితో చూసింది. "శుక్రవారానికి అవుద్దేటే గుంటా? ఆ రోజుకి నా కంటికి ఆనితే మానను. ఆనకపోతే నా మాట మాటే."

"అవుతుంది," అంది వకాబా. ఎలా అవుతుందో ఆమెకు తెలియదు.

బడి కంప్యూటర్లో ఆ పుస్తకం ఫైలు ఉంది, పేజీలు పేజీలుగా బిగించినది. అక్షరం పెంచితే పేజీ మొత్తం పెరిగి పక్కకు పోతుంది. దాన్ని ఈ-రీడరుకు తగ్గట్టు మార్చే సాధనం ఒకటి వకాబాకు తెలుసు. ఫైలు అందులో పడేసింది. శనివారం పొద్దున్న ఈ-రీడరు పట్టుకుని అవ్వ ఇంటికి పరుగెత్తింది. అవ్వ దాన్ని పలక అంది, ఆ మాటే దానికి నిలిచిపోయింది.

అక్షరాలు చిక్కుడుగింజలంత ఉన్నాయి, నిజమే. కానీ నిలువుగా నిలబడాల్సిన వరసలన్నీ అడ్డంగా పడుకున్నాయి. పుస్తకం కుడి నుంచి కాక ఎడమ నుంచి తెరుచుకుంది. చిన్నక్షరాలు భుజాల మీద నుంచి దిగిపోయి, అన్నీ ఒకచోట చేరి సొంతంగా ఒక వరస కట్టుకున్నాయి.

అవ్వ గొంతు సవరించుకుని ఉన్నది ఉన్నట్టు చదివింది. "ముసలమ్మ తలుపు తీసి... కె కె కు కె... నక్కను చూసి... కె కె." ఆగింది. "ఇదేటే, కథా? కప్పల పెళ్లా?"

వకాబా చెవులు ఎర్రబడ్డాయి. అవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక పలకను మెల్లగా బల్ల మీద పెట్టింది. "ఒగ్గీయ్ తల్లీ. నువ్వు సేసినావు, అది సాలు."

ఆ 'చాలు' వకాబాకు రెండు రోజులు చెవిలో మోగింది. సాధనానికి బిగించిన పేజీలు ఇస్తే లాభం లేదు. పేజీ మీద ఏది ఎక్కడుందో తప్ప, ఏ చిన్నక్షరం ఏ పెద్దక్షరానిదో దానికి తెలియదు. బిగించక ముందు రాత ఎక్కడుంది? పుస్తకం చివరి పేజీలో అచ్చాఫీసు పేరుంది. ఆ అచ్చాఫీసు ఇంకా ఉంది కూడా, హైస్కూలు బస్టాపుకు రెండు వీధుల అవతల.

సోమవారం బడి వదిలాక వకాబా ఆ గుమ్మం ముందు నిలబడింది. ఏం మాట్లాడాలో కాయితం మీద రాసుకుంది. దాన్ని చదువుకుంటూ ఎంతసేపు నిలబడిందో గానీ, భుజాల మీద మంచు పేరుకుంది. తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. చేతులకు సిరా మరకలున్న ముసలాయన, పేరు నికాయ్‌దో, ఆమెను ఎగాదిగా చూశాడు.

"లోపలికొస్తావా, మంచుబొమ్మవైపోతావా?"

వకాబా కాయితం ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన కళ్లజోడు దించి పైకే చదివాడు. "'నమస్కారం. నా పేరు వకాబా.' నమస్కారం వకాబా, నా పేరు నికాయ్‌దో. 'తమకు శ్రమ కలిగిస్తున్నందుకు మన్నించాలి.' మన్నించాను. పర్వాలేదే, నీ కాయితానికి మాటలు బాగానే వచ్చే!"

వకాబా నేల చూసింది. కానీ నవ్వొచ్చింది.

విషయం చదివాక ఆయన ఎగతాళి ఆగిపోయింది. వెనక గదిలో పాత కంప్యూటరు మీది గుడ్డ తీసి చాలాసేపు వెతికాడు. చివరికి తెర మీద కథలు కనబడ్డాయి. అచ్చులో ఉన్న అందమేమీ లేదు. మాట, దాని వెనకే కొక్కేల్లాంటి బ్రాకెట్ల మధ్య చిన్నక్షరం. మాట, కొక్కేలు. మాట, కొక్కేలు.

"ఈ చిన్నక్షరాలను మేం రుబీ అంటాం. యంత్రం కొక్కేలు చూసి, లోపలున్నదాన్ని తీసి, ముందున్న మాట భుజం మీద కూర్చోబెడుతుంది. అయితే మన రాతలో మాటలన్నీ ఒకదాన్నొకటి అంటుకుని నడుస్తాయి. ముందున్న మాట ఎక్కడ మొదలైందో దానికేం తెలుసు పాపం? మొదలయ్యే చోట ఒక నిలువు గీత పెట్టాలి. నేను పెట్టలేదు. అప్పట్లో ఒక్కోటీ చేత్తో సర్దాను." ఆయన తల తిప్పాడు. "గీతలు ఎక్కడెక్కడ పడాలో నీకు తెలుసుగా?"

తెలియదంటే ఇంకా మాట్లాడాలి. "తెలుసండీ," అంది వకాబా.

"బంగారుతల్లి! మా కాలంలో ఒకడికీ తెలిసేది కాదు," అని ఫైలు ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, "అవ్వగారికి చెప్పు, నికాయ్‌దో ఇంకా బతికే ఉన్నాడని. ఆ పుస్తకానికి నన్ను ఏడిపించుకు తిన్నారు మీ ఊరివాళ్లు," అన్నాడు.

మంగళవారం సాయంత్రానికి పుస్తకం కొత్తగా తయారైంది. మార్చే ముందు దాని నుదుట రెండు ముక్కలు రాయాలని వకాబా నేర్చుకుంది: వరసలు నిలువుగా నడవాలి, పేజీలు కుడి నుంచి తిరగాలి. ఆ రెండు ముక్కలూ రాసేసరికి పడుకున్న కథలన్నీ లేచి నిలబడ్డాయి. చిన్నక్షరాలు ఎవరి భుజాలు వాళ్లు ఎక్కాయి. వకాబాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు కనక ఒక్కసారి ఎగిరింది కూడా.

అవ్వ పలకను ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుంది. పెదవులు కదిలాయి. "కనబడతంది," అంది నెమ్మదిగా. "ఒసే, కనబడతందే!" ఒక పేజీ చదివింది. రెండో పేజీ మధ్యలో కనుబొమలు ముడిపడ్డాయి.

"ముల్లంగి ఏదే?"

"ఏ ముల్లంగి?"

"ముసలమ్మ నక్కతో 'ముల్లంగి తిను' అనాల గదా. పెద్దక్షరాలు అలగే అంటన్నాయి. ఈ చిన్నది సూడు, తిను మీద కూకోమంటే ముల్లంగి మీద కూడా కాళ్లు సాపుకుని పడుకుంది. మొత్తానికి కలిపి 'కె' అంటంది. అంటే ముల్లంగిని కూడా 'కె' అనాలేటి? తినమని సెప్పకుండానే ముల్లంగిని మింగీసింది!"

నికాయ్‌దో చెప్పిన గీత వకాబాకు అప్పుడు అర్థమైంది. గబగబా పేజీలు తిప్పింది. ఒకచోట 'పాతగడప' అన్న చోట పాత మాయం. ఇంకోచోట 'మూడు పిల్లులు' ఉండాల్సిన చోట లెక్క పోయి ఉత్త పిల్లే మిగిలింది. పుస్తకమంతా కలిపి ఇలాంటి చోట్లు నాలుగు వందల పైన.

"నక్క కథ ఒక్కటీ సరిచేస్తే?" అంది వకాబా.

"పిల్లలు సీటీ తీత్తారు. ఏది తీత్తారో నక్కకేం తెలుసు, నీకేం తెలుసు?" అవ్వ టీ కెటిల్ దగ్గరికి జరిపింది. "ఎన్ని రోజులున్నాయి?"

"రెండున్నర. రేపు, ఎల్లుండి, శుక్రవారం సగం."

"అయితే ఇంకా అక్కడే కూకున్నావేటి? నీ కంప్యూటరు అట్రా."

గీత ఎక్కడ పడాలో తెలియాలంటే మాట ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. అది తెలియాలంటే కునెజావా పలుకు తెలియాలి. వకాబాకు ఆ పలుకు వినడం వచ్చు, అనడం రాదు. వాళ్ల ఇంట్లో టీవీ భాషే. అందుకని ఆమె ఒక్కో వరసా పైకి చదవాలి, అవ్వ విని మాటను విడగొట్టాలి. బుధవారం సాయంత్రం మొదటి గంటంతా వకాబా గొంతు దుప్పటి కిందే ఉండిపోయింది.

"దుప్పటికి సెప్తన్నావేటి? నాకు సెప్పు."

వకాబా కొంచెం పెంచింది.

"ఇప్పుడు పిల్లికి సెప్పినట్టుంది. ఇంకా."

"ముంగిట్లో మంచు తవ్వి..." అని వకాబా అరిచినంత పని చేసింది. పక్కింటి నుంచి ఎవరో "తవ్వుతున్నాం, తవ్వుతున్నాం!" అని కేకేశారు. ఇద్దరూ కొతత్సు బల్ల మీద తలలు పెట్టి నవ్వారు. ఆ తరవాత గొంతు తనంత తానే పైకి వచ్చేసింది. గీత, మాట, కొక్కెం. గీత, మాట, కొక్కెం. మధ్యమధ్యలో అవ్వ ఎవరి కథ ఎవరు చెప్పారో, చెబుతూ ఎవరు కునుకు తీశారో చెప్పేది. గురువారం రాత్రికి మూడు వందలు దాటాయి.

అప్పుడు ఒకచోట వకాబా వేలు ఆగింది. నక్క ముందు ముసలమ్మ ఊరగాయ పెడుతుంది. కునెజావాలో ఊరగాయను గక్కో అంటారు. పుస్తకంలో చిన్నక్షరాలు 'గక్కో' కాదు, ఇంకో అక్షరం ఎక్కువై 'గక్కోఓ' అని ఉన్నాయి. గక్కోఓ అంటే బడి.

"అవ్వా, ఇక్కడ ముసలమ్మ నక్కకు బడిని కోసి పెట్టింది."

అవ్వ ఆ వరస మళ్లీ చదివించుకుంది. మళ్లీ చదివించుకుంది. "ముప్పై ఏళ్లు అలగే సదివాను గదే నేను!"

"తెలుసు."

"తెలుసా? అచ్చేసినోళ్లు నాకన్నా సదువుకున్నోళ్లు గదా, పట్నంలో ఊరగాయని సాగదీసి అంటారు గావాల అనుకున్నాను. మరి పిల్లలు పగలబడి నవ్వేవోళ్లు..."

"బడిని ముక్కలు కోసి పెట్టిందని నవ్వేవాళ్లం. రెండో ముక్క హెడ్మాస్టరుకి అని గుసగుసలాడుకునేవాళ్లం."

"నా కట్టుడు పళ్లు జారతన్నాయని నవ్వుతన్నారనుకున్నానే! ఆ కథ ఎప్పుడొచ్చినా ముందే పళ్లు గట్టిగా నొక్కుకునేదాన్ని!" అవ్వ తొడ మీద కొట్టుకుంది. "ఆ నికాయ్‌దోగాడి పని. తీసీయ్. ఆ ఎక్కువ అక్షరం తీసీయ్."

వకాబా వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

"తీయను."

"ఏటి?"

"తీయను అవ్వా." ఈసారి మనసులో నాలుగుసార్లు చెప్పుకోలేదు. "పుస్తకం ఎలా ఉందో అలాగే పలకలోకి రావాలి. ఆ తప్పు కూడా మన ఊరిదే. పిల్లలు చీటీలో నక్క కథ రావాలని కోరుకునేది దాని కోసమే. తీసేస్తే, 'అవ్వా, తప్పు చదివావు' అంటారు."

అవ్వ ఆమె కప్పులో మళ్లీ టీ పోసింది. తరవాత, "సరే, బడి ఉండనీ. నీకు నోరొచ్చింది. మీ అమ్మకి నానేం సమాధానం సెప్పాల?" అంది.

శుక్రవారం వకాబా మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా అవ్వ ఇంటికి వచ్చింది, బడి చివరి గంటకు కాస్త ముందు ఆఖరి గీత పడింది. ఆ రోజు హైస్కూలు ఒంటిపూటే. ఇద్దరూ మంచులో బడికి నడిచారు.

ఏడుగురు పిల్లలు చాప చుట్టూ కూర్చున్నారు. వెనక హెడ్మాస్టరు ఒకుయామ గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఏదో దాస్తున్నవాడిలా నిలబడ్డాడు. హీయొరి అనే రెండో తరగతి పిల్ల చీటీ తీసింది. విప్పి చూసి కెవ్వుమంది. "నక్క!"

అవ్వ పలక ఒళ్లో పెట్టుకుంది. మొదటి పేజీ చదివింది. దక్షిణాది నక్క ఒకటి ఉప్పు అమ్మేవాడి వేషం వేసుకుని మంచులో ముసలమ్మ తలుపు తట్టింది. ముసలమ్మ తలుపు తీసి 'కె' అంది, లోపలికి రమ్మని. దక్షిణాదిలో 'కె' అంటే వెంట్రుక. నా బొచ్చు కనబడిపోయిందా అని నక్క చెంపలు తడుముకుంది. పేజీ అయిపోయింది. అవ్వ తెరను వేలితో తాకింది.

పేజీ తిరగలేదు.

మళ్లీ తాకింది. మంచులో నడిచొచ్చిన వేలు, ఎండిన చింతబరికెలా ఉంది. తెర దాన్ని వేలనుకోలేదు. పిల్లలు చూస్తున్నారు. అవ్వ తల కిందికి వాలడం వకాబా చూసింది. హెడ్మాస్టరు ఒక అడుగు ముందుకేసి, "అవ్వగారూ, మిగతాది నేను చదవనా?" అన్నాడు.

"వద్దండీ!" అంది వకాబా. అందరూ ఆమె వైపు తిరిగారు. "అవ్వా, కాయితం పుస్తకం ఎలా తిప్పేదానివో అలాగే తిప్పు."

అవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. వేలు నాలుకకు అద్దుకుంది. తాకింది. పేజీ చక్కగా కుడివైపుకు జారి, కొత్త పేజీ ఎడమ నుంచి వచ్చింది.

"ఛీ, ఉమ్ము!" అంది హీయొరి ఆనందంగా.

"ఉమ్ము కాదే, నూనె. బండికి ఎయ్యమా?" అంది అవ్వ. ఇక ఆగలేదు. ముసలమ్మ ముల్లంగి ముందు పెట్టి 'కె' అంది. ముల్లంగి ముల్లంగిలాగే ఉంది, తినమన్నది తినమన్నట్టే ఉంది. నక్క మళ్లీ వెంట్రుకలే అనుకుని తోకను లాగు లోపలికి దోపుకుంది. ఊరగాయ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఊపిరి బిగబట్టారు. అవ్వ పళ్లు నొక్కుకోలేదు. తల ఎత్తి, హెడ్మాస్టరును చూస్తూ, ఒక్కో అక్షరం సాగదీసి, ముసలమ్మ బడిని ముక్కలుగా కోసి వడ్డించింది. ఎవరో చాప మీద దొర్లారు.

చిక్కుడుగింజంత అక్షరాలు అవ్వ వెనక నుంచి కూడా కనబడుతున్నాయని మొదట కనిపెట్టింది హీయొరి. ఇన్నేళ్లలో పిల్లలెవరూ ఆ చిన్నక్షరాలను ఇంత దగ్గరగా చూడలేదు. ఆ పిల్ల మోకాళ్ల మీద పాకి వెళ్లి అవ్వ భుజం మీదుగా తొంగి చూసింది. వెనకే మిగతా ఆరుగురూ. ముసలమ్మ చెయ్యి చాచి ఉప్పు ఇవ్వమన్నప్పుడు, ఏడు గొంతులూ అవ్వ గొంతుతో కలిసి అరిచాయి:

"కె!"

నా బొచ్చు పీకి ఇమ్మంటోందిరా దేవుడా అని నక్క ఉప్పు మూట వదిలి కొండదాకా పరుగెత్తింది. ఏడుగురూ వెంటనే "ఇంకోటి, ఇంకోటి" అన్నారు.

"ఇంకోటి వచ్చే నెల," అంది అవ్వ.

గోడ దగ్గర నిలబడ్డ హెడ్మాస్టరు ముఖం విప్పారింది, వెంటనే ఇరుకున పడింది. వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తీసుకురాక తప్పలేదు. చేతుల్లో పెద్ద పూలగుత్తి. దాని రిబ్బను మీద బంగారు అక్షరాలు: ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలతో, వీడ్కోలు.

"ఇది... ఈ రోజు ఆఖరని చెప్పారు కదా అవ్వగారూ, అందుకని పట్నం నుంచి... మరి ఇప్పుడు మానడం లేదంటే..."

"మానను." అవ్వ లేచి నిలబడి గుత్తిని ఆయన చేతుల్లోంచి లాక్కుంది. "మాననని పూలు ఎనక్కిచ్చీయాలేటి? నాకు ఇలగ ఎవులిచ్చినారు ఎప్పుడైనా?"

రిబ్బను విప్పి ఆయన జేబులో కుక్కింది. పూలను రెండు చేతులతో గుండెకు హత్తుకుని గుమ్మం వైపు నడిచింది. మంచు బూట్లు తొడుక్కోవడానికి చెయ్యి ఖాళీ లేకపోయింది. వకాబా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో బూటూ తొడిగింది. పిల్లలు ఏడుగురూ గుమ్మంలో నిలబడి, బయట మంచులోకి నోళ్లు తెరిచి, "కె! కె!" అని కేకలేస్తున్నారు. అది రమ్మనో, ఇవ్వమనో, తినమనో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.